పడవ పుస్తకానికి ముప్ఫయ్యొక్క మార్కులు

ఇరవై రెండేళ్ళ వయసులో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, ఆ రోజుల్లో అది నాకు చాలా సహజంగానే తోచేది. డిగ్రీ అయిపోయింది. తెనాలిలో ఓ డీటీపీ సెంటర్లో ఉద్యోగం దొరికింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పెళ్ళికార్డుల్లో, స్కూలు ప్రశ్నపత్రాల్లో తప్పులు వెతకడం నా పని. రోజంతా తప్పులే వెతికే మనిషికి కొన్నాళ్ళకి అదొక జబ్బులా పట్టుకుంటుంది. టిఫిన్ ప్లేటు ముందుకొస్తే తినడం మానేసి, ఇడ్లీ గుండ్రంగా ఉందా లేదా అని చూసేదాన్ని. (“నీకు సంబంధాలు చూడాలంటే భయంగా ఉందే, పెళ్ళికొడుకు చెవులు రెండూ సమానంగా లేవంటావేమో” అనేది మా అమ్మ. ఆవిడ భయంలో అన్యాయమేమీ లేదు.) ఆ జబ్బు బాగా ముదిరిన రోజుల్లో నేనొక ఘనకార్యం తలపెట్టాను. పాత కామిక్స్ పుస్తకాలు ఏ స్థితిలో ఉన్నాయో తేల్చే గైడుని సంస్కరించాను.

ఆ గైడు సంగతి చెప్పాలంటే ముందు మా మావయ్య గురించి చెప్పాలి. మా అమ్మకి అన్నయ్య. రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. పెళ్ళి చేసుకోలేదు. మా ఇంట్లోనే ముందు గదిలో ఉండేవాడు. ఆ గదిలో ఒక మంచం, ఒక ఫ్యాను, రెండు ఇనప బీరువాలు. బీరువాల నిండా ఆయన చిన్నప్పట్నుంచీ దాచుకున్న బొమ్మల కథల పుస్తకాలు. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఇదే పిచ్చి ఉన్నవాళ్ళు ఓ పదిహేను మంది ఉండేవారు. నెలకో ఆదివారం బాపట్లలో, వాళ్ళలోనే ఒకరైన డ్రాయింగు మాష్టారి వరండాలో కలిసి, ఒకరి దగ్గర లేని పుస్తకం ఇంకొకరి దగ్గర మార్చుకునేవారు. వెళ్ళి రాలేని వాళ్ళు కొరియర్లో పంపుకునేవారు. చేతికి వచ్చేదాకా పుస్తకం ఎలా ఉందో తెలియదు కాబట్టి మాష్టారు ఎప్పుడో తన చేత్తోనే ఒక కాగితం రాసి అందరికీ జిరాక్సులు పంచిపెట్టారు. అదే గైడు. అందులో నాలుగే నాలుగు మెట్లు: బాగుంది, ఫర్వాలేదు, చదువుకోవచ్చు, దాచుకోవచ్చు. అన్నిటికన్నా కింది మెట్టు ‘దాచుకోవచ్చు’. అంటే అట్టా ఉండదు, ఆఖరి పేజీ ఉండదు, చెదలు సగం కథ తినేసి ఉంటాయి, అయినా పారేయడానికి మనసొప్పదు అని.

నేను ఆ కాగితం చూసి జాలిపడ్డాను. సరిగ్గా ఆ నెలలోనే ఒక గొడవ జరిగింది. కర్లపాలెం నుంచి ఒకాయన ‘ఫర్వాలేదు’ అని రాసి పంపిన పుస్తకంలో మధ్య నాలుగు పేజీలు లేవు. అందుకున్నాయన వరండాలో నిలదీస్తే, పంపినాయన ఏమాత్రం తడుముకోకుండా, “మొదలూ చివరా ఉన్నాయి కదండి. మధ్యలో ఏముంటుందండి, యుద్ధమేగా!” అన్నాడు. ఇద్దరూ పెద్దమనుషులే, ఇద్దరూ లేచి నిలబడ్డారు. మావయ్యకి తోడుగా వెళ్ళిన నేను ఆ సమయంలో గొంతు సవరించుకుని, “ఈ గైడులో శాస్త్రీయత లేదండి. నేను కొత్తది రాస్తాను” అన్నాను. అందరూ నా వైపు చూశారు. మాష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, “రాయమ్మా, మంచిదే కదా” అన్నారు. ఆ మాటలో కొంచెం కూడా నొచ్చుకున్నట్టు లేకపోవడం నాకు అప్పుడు నచ్చలేదు.

నెల రోజులు రాశాను. అరవై ఒక్క నిబంధనలు తేలాయి. నూటికి మార్కులు, ఒక్కో లోపానికి ఇన్నని తగ్గించడం. అట్ట మీద మరకకి చదరపు సెంటీమీటరుకి ఒకటి, పిన్ను తుప్పుకి మూడు, తుప్పు కాగితానికి దిగితే అయిదు, పేజీ మూల మడతకి ఒకటి, చిరిగితే నాలుగు, పెన్సిలుతో పేరు రాస్తే రెండు, పెన్నుతో రాస్తే నాలుగు. మరకలు కొలవడానికి ప్లాస్టిక్ షీటు మీద గళ్ళు ప్రింటు చేయించుకున్నాను. వాసనకి విడిగా ఒక అధ్యాయం ఉంది: వాసన లేని పుస్తకానికి పదికి పది, కలరా ఉండల వాసనకి ఎనిమిది, చెమ్మ వాసనకి నాలుగు, ఎండుచేపల వాసనకి సున్నా. (రేపల్లె వైపు నుంచి వచ్చిన ఒక పార్సిల్ని దృష్టిలో పెట్టుకుని ఈ ఆఖరి మాట చేర్చాల్సి వచ్చింది.) పద్నాలుగో నిబంధన: కంటికి కనబడినా వేలికి తగలని ముడతకు మార్కులు తగ్గించరాదు. నలభయ్యో నిబంధన: తొంభై మార్కులు దాటిన పుస్తకాన్ని అనవసరంగా తెరవరాదు. ఇవి రెండూ రాసినప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయాను.

మొదటి పరీక్ష మా ఇంట్లోనే జరిగింది. మావయ్య దగ్గర ‘పడవ పుస్తకం’ అని ఒకటి ఉండేది. అసలు పేరు పెద్దది, అట్ట మీద పడవ బొమ్మ ఉంటుంది కాబట్టి అందరూ అలాగే అనేవారు. ఓ పడవవాడు, తన పడవెక్కిన మనిషి రాజని తెలియక ఏటి పొడుగునా అతనితో వాదిస్తూ పోయే కథ. ఆరో తరగతిలో ఉండగా అమృతలూరులో వాళ్ళ పెద్దమ్మ కొనిపెట్టిందట. అది దొరకడమే కష్టం. గ్రూపులో ఇంకెవరి దగ్గరా లేదు. మావయ్య దాన్ని రెండు చేతులతో తెచ్చి నా ముందు పెట్టాడు. నేను గళ్ళ షీటు వేసి గంటన్నర కొలిచాను. నూనె మరక, పెన్నుతో మూడుచోట్ల పేరు, పిన్ను తుప్పు, ఓ పేజీ మూల చిరిగి మాటలతో సహా పోయింది, వెనకట్ట మీద ఎవరో చేసిన గుణకారం లెక్క. (ఆ లెక్క తప్పు కూడా. దానికి మార్కులు తగ్గించలేదు, అది నా ఉదారత.)

“ముప్ఫయ్యొకటి మావయ్యా.”

“నూటికా?”

“నూటికే.”

ఆయన పుస్తకం తీసుకుని బీరువాలో పెట్టి, తాళం వేసి, ఆ తాళం సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు లాగి చూశాడు. ఆ పూట అన్నం తక్కువ తిన్నాడని అమ్మ నా మీద కేకలేసింది.

ఆ తరవాత నెల మీటింగుకి రేపల్లె నుంచి ఒక కొత్త మనిషి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, అక్కడి ఆస్పత్రిలో నర్సు. అందరం రేపల్లె అక్క అనేవాళ్ళం. వాళ్ళ నాన్నగారు హెడ్మాష్టరుగా చేసి, మా గ్రూపుతో చాలాకాలం ఉత్తరాలు నడిపి, ఆ ముందు ఏడాదే పోయారు. ఆయన అలమరాలో దొరికిన పుస్తకాలు కొన్ని సంచీలో పెట్టుకొచ్చింది. అందులో ప్లాస్టిక్ కవరులో, నలగకుండా, పడవ పుస్తకం! వరండాలో అందరూ ఒక్కసారి ముందుకు వంగారు. నేను చేతులు తుడుచుకుని పరీక్ష మొదలుపెట్టాను. మరక లేదు. పేరు లేదు. పిన్నులు తళతళలాడుతున్నాయి. అట్ట మీద అడ్డంగా ఒక ముడత కనబడింది గానీ, వేలు పెట్టి రాస్తే నున్నగా ఉంది. పద్నాలుగో నిబంధన ప్రకారం అది ముడత కాదు.

మావయ్య వంగి వాసన చూశాడు. “ఏంటే, ఏ వాసనా రావట్లేదు?”

“అందుకేగా పదికి పది!” అన్నాను.

తొంభై ఎనిమిది వచ్చింది. (రెండు మార్కులు ఎందుకు తగ్గించానంటే, నూటికి నూరు వేయడం నా స్వభావంలో లేదు.) మరి దీనికి బదులుగా ఏం కావాలని అడిగితే రేపల్లె అక్క మొహమాటపడుతూ చెప్పింది. “మా అమ్మ చిన్నప్పుడెప్పుడో ఈ కథ సగం చదివిందంటండి. ఇది ముట్టుకోమంటే భయపడుతుంది. నాన్న తన పుస్తకాల మీద చెయ్యేస్తే ఒప్పుకునేవారు కాదుగా, ఆ అలవాటు. పాతదేమన్నా ఉంటే ఇవ్వండి, హాయిగా మంచమ్మీద పెట్టుకుని చదువుకుంటుంది.”

ఇంతకన్నా న్యాయమైన బేరం ఉంటుందా? ఇంటికొచ్చి మావయ్య వెంట పడ్డాను. ముప్ఫయ్యొకటి ఇచ్చి తొంభై ఎనిమిది తీసుకోవడానికి ఆలోచనేంటి అని అంకెలు చెప్పి, నిబంధనలు చదివి వినిపించి, నాలుగు రోజులు ఆయన్ని నిలవనివ్వలేదు. అయిదో రోజున, “నువ్వు చదువుకున్నదానివి. నీకు తెలుస్తుందిలే” అని ఆయనే పుస్తకాన్ని న్యూస్‌పేపర్లో చుట్టి, దారం కట్టి ఇచ్చాడు. కొరియరుకి ఇచ్చింది నేనే. రేపల్లె అక్క మా దగ్గరే ఉంచి వెళ్ళిన కొత్త పుస్తకం బీరువాలోకి వెళ్ళింది. అప్పుడప్పుడూ మావయ్య తలుపు తీసి కవరు మీంచే చూసేవాడు. తెరవడు, నలభయ్యో నిబంధన.

మూడు వారాల తరవాత మళ్ళీ బాపట్ల, ఈసారి రేపల్లె అక్క రాలేదు. ఆ రోజు తెనాలి నుంచి మాతోపాటు బైండింగు బాబాయి కూడా వచ్చాడు. ఆయన మావయ్యకి చిన్ననాటి స్నేహితుడు. శుక్రవారం నమాజుకి తప్ప దుకాణం మూసేవాడు కాదు, అందుకే మీటింగుకి రావడం అరుదు. మేము వెంట తెచ్చిన కొత్త పడవ పుస్తకం అందరూ మళ్ళీ చూశాక ఆయన చేతికి వచ్చింది. ఆయన అట్ట చూడలేదు, బొమ్మ చూడలేదు. సరాసరి వెన్ను తిప్పి పిన్నుల వైపు చూశాడు. తరవాత మావయ్య వైపు, ఆ తరవాత నా వైపు చూశాడు.

“అమ్మాయ్, ఈ పిన్నులు నావి.”

“అంటే?”

“నేనే కొట్టాను. ఇది అసలుది కాదమ్మా, కలర్ జిరాక్సు. రేపల్లె హెడ్మాష్టరుగారు గుంటూరులో ఎవరో స్నేహితుడి పుస్తకం తీసుకుని ప్రింటు చేయించి, నా దగ్గర కుట్టించుకున్నారు. పిన్ను వంకర పోకూడదని పొద్దున్నించి మధ్యాహ్నం దాకా నా పక్కన స్టూలు మీద కూచున్నారు. ఇంట్లో ఆవిడకి ఈ కథంటే ఇష్టమంట, పుట్టినరోజుకి ఇస్తానన్నారు. ఆ తరవాత నెలకే పోయారని విన్నాను.”

కనబడే ముడత వేలికి ఎందుకు తగల్లేదో నాకప్పుడు అర్థమైంది. అది ముడత ఫోటో. పాత కాగితం పసుపు కూడా ఫోటోయే. తప్పులు మాత్రమే వెతికే నా గైడుకి, తప్పులేవీ లేని ఒక జిరాక్సు దొరికింది. దానికి తొంభై ఎనిమిది మార్కులు వేసి, చేతులు తుడుచుకుని మరీ వేసి, మావయ్య యాభయ్యేళ్ళుగా దాచుకున్నదాన్ని నా చేత్తో కొరియరుకి ఇచ్చేశాను. ఎవరైనా తిడితే బావుండు అనిపించింది. కర్లపాలెం ఆయన కూడా తల వంచుకుని కూర్చున్నాడు. డ్రాయింగు మాష్టారు మంచినీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపి, “తాగమ్మా” అన్నారు. అంతే.

తిరుగు రైల్లో మావయ్య కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నిడుబ్రోలు దాటాక నేను ఏడుపు ఆపుకోలేక, “రేపే వెళ్ళి అడిగి తెచ్చేస్తాను మావయ్యా” అన్నాను.

“ఏమని అడుగుతావే? ఆ అమ్మాయి మోసం చేసిందా? మనమేగా మార్కులేసి తీసుకున్నది!” అన్నాడు. తనలో తను అనుకుంటున్నట్టు, “అసలు మన సంగతి కాదు. ఆయన పెళ్ళానికి చేయించుకున్న పుస్తకం మన బీరువాలో ఉంది. అది ముందు ఇచ్చేయాలి” అన్నాడు. ఆ మాటకి నాకు ఇంకా ఏడుపొచ్చింది. నాకు ఆయన పుస్తకం పోయిందన్న బాధే తెలుసు. రెండో పుస్తకం గురించి నేను ఆలోచించనే లేదు.

మర్నాడు సెలవు పెట్టి ఇద్దరం రేపల్లె ప్యాసింజరెక్కాం. వేమూరు దాకా నేను ఏం మాట్లాడాలో మనసులో వాక్యాలు కూర్చుకున్నాను, ఆ తరవాత వాటిలో తప్పులు దిద్దుకున్నాను. ఇంటికి వెళ్ళేసరికి తలుపు తీసింది రేపల్లె అక్క. లోపల మంచమ్మీద వాళ్ళమ్మగారు కూర్చుని ఉంది. తెల్ల చీర, మందపాటి కళ్ళజోడు, ఒళ్ళో పడవ పుస్తకం. పక్కనే ఉన్న బైబిల్ మీద ఆవిడ టీ గ్లాసు పెట్టలేదు గానీ, మా పడవ పుస్తకం మీద పెట్టిన గుర్తు గుండ్రంగా కనబడుతోంది. (అలవాటు కొద్దీ కళ్ళతోనే కొలిచాను. నాలుగు మార్కులు.)

నేను కూర్చుకున్న వాక్యాలేవీ పనికిరాలేదు. “తప్పు నాదండి” అని మొదలుపెట్టి గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పేశాను. జిరాక్సు సంగతి విని రేపల్లె అక్క మొహం పాలిపోయింది. “అయ్యో, బాబాయిగారండి, మాకు తెలియదండి, నిజంగా తెలియదు” అని మావయ్య చేతులు పట్టుకోబోయింది. మావయ్య, “నీ తప్పేముందమ్మా” అంటూ కవరు తీసి పెద్దావిడ చేతిలో పెట్టాడు. “మాష్టారుగారు మీ పుట్టినరోజుకని చేయించారంటండి. బైండింగు చేసినాయన చెప్పాడు.”

ఆవిడ చాలాసేపు కవరు మీద చెయ్యి వేసి ఉంచింది. “నాకు చెప్పలేదే ఈ మనిషి” అంది. తరవాత, “నలభయ్యేళ్ళు ముట్టుకోవద్దన్నాడు. ఇది నాకేనని ఒక ముక్క రాసి పెట్టొచ్చుగా!” అని కోప్పడింది. కోపం నిజమైనదే. కళ్ళు తుడుచుకుంటూ కోప్పడింది.

తరవాత ఆవిడే మావయ్యని దగ్గరికి పిలిచింది. “బాబూ, నీ పుస్తకంలో ఒక పేజీ మూల చిరిగిపోయింది. రాజు ‘ఏం కావాలో కోరుకో’ అంటాడు. పడవవాడు ఏం కోరాడో ఆ ముక్కలోనే పోయింది. పది రోజుల్నించి అక్కడే ఆగిపోయాను. ఏం కోరాడయ్యా?”

మావయ్య మొహంలోకి ఒక్కసారిగా వెలుగొచ్చింది. “కొత్త పడవండి! ‘మహారాజా, నాకో కొత్త పడవ ఇప్పించండి’ అంటాడు. ఆరో క్లాసులో చదివాను, నిన్న చదివినట్టుంది.”

“అంతేనా!” అంది పెద్దావిడ, కాస్త నిరాశగా. రేపల్లె అక్క కవరులోంచి జిరాక్సు పుస్తకం తీసి ఆ పేజీ తెరిచింది. మూల చిరగలేదు. పైకి చదివింది: “‘ముందు పడవ దిగండి ప్రభూ, అవతలి గట్టున జనం ఎదురు చూస్తున్నారు.’”

పెద్దావిడ పకపకా నవ్వింది. అంత మనిషి భుజాలు ఊగిపోయేలా నవ్వింది. మావయ్య పుస్తకం లాక్కుని రెండుసార్లు చదువుకున్నాడు. యాభయ్యేళ్ళుగా ఆయన కథ తప్పుగా గుర్తుపెట్టుకున్నాడు. అసలు మాట మూడు వారాలు ఆయన బీరువాలోనే ఉంది, నా గైడు తెరవద్దంది.

“ఇదే బావుంది” అన్నాడు మావయ్య మెల్లిగా.

పాత పుస్తకం మాకిచ్చేశారు. ఇచ్చే ముందు పెద్దావిడ చిన్న కాగితం ముక్క కత్తిరించి, మైదాతో ఆ మూలకి అతికించి, ఆ మాటలు తన దస్తూరీలో రాసిపెట్టింది. ఆవిడా టీచరుగా చేసిందట, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. పెన్నుతో రాసింది. మార్కులు తగ్గించలేదు.

గైడు మళ్ళీ రాశాను. ఈసారి ముందు బైండింగు బాబాయి పక్కన స్టూలు మీద వారం రోజులు కూర్చుని కాగితం, సిరా, పిన్ను గుర్తుపట్టడం నేర్చుకున్నాను. మాష్టారితో కూర్చుని అరవై ఒక్క నిబంధనల్ని పద్దెనిమిదికి కుదించాను. అసలుదా కాదా అన్నది మొదటి ప్రశ్న. ఇచ్చేవాళ్ళని ఈ పుస్తకం కథేంటని అడిగి రాసుకోవాలన్నది రెండోది. మార్కులు పోయాయి. మాష్టారి నాలుగు మెట్లూ అలాగే ఉన్నాయి, ఒక్కొక్కదాని కింద ఏమేం ఉండాలో, ఏమేం లేకపోయినా ఫర్వాలేదో నాలుగేసి వాక్యాలు చేరాయి. మధ్య పేజీలు లేకపోతే ‘ఫర్వాలేదు’ అనకూడదని స్పష్టంగా రాశాం. కర్లపాలెం ఆయన కూడా సంతకం పెట్టాడు.

మాష్టారు ఇప్పుడు లేరు, మావయ్యా లేడు. గ్రూపు ఫోన్లోకి మారింది, నాకు తెలియని ఊళ్ళవాళ్ళు చాలామంది చేరారు. మొన్నామధ్య బాపట్లలో ఇంజనీరింగు చదువుతున్న ఒకమ్మాయి నాకు మెసేజ్ పెట్టింది. “నమస్తే ఆంటీ, మీ గైడులో శాస్త్రీయత తక్కువగా ఉందండి” అని మొదలై, వరస సంఖ్యలతో పన్నెండు సవరణలు. నాకు ఒళ్ళు మండింది. వంటింట్లో నిలబడే అన్నీ చదివాను. కూర అడుగంటింది. పన్నెండూ సరైనవే, అందులో మూడు నాకు ఎన్నేళ్ళైనా తట్టేవి కావు. ఓ గంట ఆగి, పదకొండు ఒప్పుకుంటున్నానని జవాబు రాశాను. పన్నెండోది మాత్రం కుదరదన్నాను, నూటికి నూరు ఒప్పుకోవడం ఇప్పటికీ నా వల్ల కాదు. ఎందుకు కుదరదో ఆ పిల్ల రేపు తప్పకుండా అడుగుతుంది. ఏం చెప్పాలో ఇంకా ఆలోచించుకోలేదు.